మందు లేకుండా నిలిచినవారికి మందెందుకు?

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో, 1980 దాటిన కొత్తల్లో, ఒకాయన తరచుగా రక్తదానం చేస్తూ ఉండేవాడు. ఆయన పేరు లోకానికి తెలియదు. తెలియవలసిన పని కూడా లేదు. ఆయన ఒంట్లో హెచ్.ఐ.వి. వైరసు ఉన్నది. ఆ సంగతి ఆయనకూ తెలియదు, రక్తం పుచ్చుకున్నవారికీ తెలియదు. తెలుసుకుందామన్నా అందుకు తగిన పరీక్ష అప్పటికింకా పుట్టలేదు. ఆయన రక్తం ఎక్కించుకున్న ఎనిమిదిమందికి ఆ వైరసు అంటుకుంది.

1985లో రక్తపరీక్ష వచ్చింది. రక్తనిధివారు పాత చిట్టాలు తిరగవేసి, ఎవరి రక్తం ఎవరికి వెళ్ళిందో ఆరా తీయసాగారు. అప్పుడొక చిత్రం బయటపడింది. ఇతర దాతల ద్వారా వైరసు అంటుకున్నవారు చిక్కి శల్యమై ఒక్కరొక్కరే రాలిపోతున్న ఆ రోజుల్లో, ఈ ఒక్క దాత తాలూకు మనుషులలో మాత్రం ఎయిడ్స్ లక్షణాలు పొడచూపలేదు. జెన్నిఫర్ లియర్‌మాంట్ అనే ఆమె, ఆమె సహచరులు 1992లో ఈ విషయాన్ని ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ప్రకటించారు. మరి మూడేళ్ళకు, అంటే 1995లో, అసలు గుట్టు తెలిసింది. ఆ దాతలో ఉన్న వైరసు అవిటిది! దాని శరీరంలో ‘నెఫ్’ అనే జీను ఒకటి ఉండాలి. అందులో ఒక ముక్క ఊడిపోయింది. కాలు విరిగిన దొంగ ఇంట్లో దూరాడన్నమాట. దూరడమైతే దూరాడు కాని మూట కట్టలేకపోయాడు.

కథ ఇక్కడితో ఆగితే ఎంతో బాగుండును. కాని 1999 నాటికి, వైరసు సోకి పదిహేనేండ్లు దాటిన తరువాత, ఆ బృందంలో కొందరికి రక్షకకణాల లెక్క మెల్లగా జారడం మొదలుపెట్టింది. దాత కూడా ఆ కొందరిలో ఒకడు. అన్నేండ్లు మందన్నది ఎరగని ఆ మనిషి ఆ సంవత్సరమే హెచ్.ఐ.వి. మాత్రలు మింగడం ఆరంభించాడు.

నేను చెప్పదలచుకున్న సంగతి ఇదే. వైరసు ఒంట్లో ఉండీ, ఏ మందూ లేకుండానే దానిని అదుపులో పెట్టుకున్న మనుషులు కొద్దిమంది లోకంలో ఉన్నారు. వారికి మందు ఇవ్వాలా, అక్కరలేదా? వినడానికి ఇది డాక్టర్ల గోష్ఠిలో తేలవలసిన ప్రశ్నలాగే ఉంటుంది. కాని “నీకు జబ్బున్నది, అయితే జబ్బు లేదు, కనక రోజూ ఒక మాత్ర వేసుకో” అని చెప్పించుకున్న మనిషి స్థానంలో కూర్చుని ఆలోచిస్తే అది ఎంత చిక్కు ప్రశ్నో తెలుస్తుంది.

ముందు మామూలు మనిషి సంగతి చెప్పుకుందాం. మన రక్తంలో సి.డి.4 కణాలని కొన్ని ఉంటాయి. సేనలో నాయకులవంటివి. ఏ శత్రువు వచ్చాడో కనిపెట్టి, ఏ దళం కదలాలో చెప్పేవి అవే. ఆరోగ్యవంతుడి రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. హెచ్.ఐ.వి. పట్టుకునేది సరిగ్గా వీటినే. మందు లేనివాడి ఒంట్లో, ఒక్క మిల్లీలీటరు రక్తంలోనే, వైరసు ప్రతులు వేలు, పదివేలు, ఒక్కొక్కప్పుడు లక్షలు తిరుగుతూ ఉంటాయి. సి.డి.4 లెక్క ఏటికేడాది తరుగుతూ పోయి 200 కంటె దిగువకు వచ్చిందంటే దానిని ఎయిడ్స్ అంటారు. ఇంచుమించు పదేండ్ల ప్రయాణం. ఈ లోపల మనిషి పైకి బాగానే కనిపించవచ్చు. “నాకేం, దుక్కలా ఉన్నాను” అనుకునే ప్రమాదమంతా ఇక్కడే.

నూటికి ఒక్కరు కూడా ఉండరు కాని, అసలు ఈ దారి పట్టనివారున్నారు. రక్తపరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నదనే వస్తుంది. ఎందుకంటే వైరసును ఎదిరించడానికి శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు వారి రక్తంలో ఉన్నాయి. కాని వైరసును లెక్కపెట్టే పరీక్ష చేస్తే మిల్లీలీటరుకు 50 ప్రతులు కూడా ఉండవు. మామూలు యంత్రాలకు దొరకనే దొరకదు. మాత్రలు క్రమంగా వేసుకునేవారికి ఏ ఫలితం వస్తుందో, ఒక్క మాత్రయినా ముట్టకుండా వీరికి ఆ ఫలితం వస్తున్నది. ఇంగ్లీషువారు వీరిని ‘ఎలీట్ కంట్రోలర్లు’ అంటారు.

తెలుగు చెప్పుకునేవాణ్ణి కాబట్టి దీనికొక మాట కడదామని కూర్చున్నాను. ‘నిగ్రహీత’ అంటే సరిపోతుందనిపించింది, అనగా నిగ్రహించేవాడు. అంతలో భయం వేసింది. క్రారవడికి బదులు రుత్వం పడి ‘నిగృహీత’ అయిందో, అర్థం తలకిందులై నిగ్రహింపబడ్డవాడవుతాడు. పిల్లలు పరీక్షల్లో రోజూ చేసే తప్పే. తరువాత తెలిసిందేమంటే, శాస్త్రజ్ఞుల తగవు కూడా కొంతవరకు అదేనట: ఈ మనిషి వైరసును పట్టి ఉంచాడా, వైరసు పట్టులో తాను లోలోపల ఉండిపోయాడా అని. అందుచేత ఆ మాట నేను వాడడం లేదు. అదుపరులు అందామా? అదీ బాగాలేదు. పోనివ్వండి.

వీరిలో లోకానికి బాగా తెలిసినవాడు అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రానికి చెందిన రాబర్ట్ మాసీ. పుట్టుకతోనే ఆయనకు హీమోఫీలియా, అనగా దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు. కొడుకు జబ్బును గురించి చదవబోయిన తండ్రి, అదే జబ్బున్న రష్యా యువరాజు కథలోకి వెళ్ళి, ఆఖరి జారు చక్రవర్తి దంపతులపై 1967లో పెద్ద గ్రంథం ప్రకటించి పేరు తెచ్చుకున్నాడు. హీమోఫీలియావారికి ఇతరుల రక్తం నుంచి తీసిన మందు ఎక్కించాలి. ఆ మందులోంచే కొడుకుకి హెచ్.ఐ.వి. వచ్చింది, 1980కి ముందో ఆ ప్రాంతాలోనో. తోటి హీమోఫీలియా రోగులు వేలకొలది పోయారు. ఈయన మాత్రం మతాచార్యుడయ్యాడు, 1994లో తన రాష్ట్రంలో లెఫ్టినెంటు గవర్నరు పదవికి పోటీ చేశాడు. ఆ రోజుల్లోనే డాక్టర్ బ్రూస్ వాకర్ ఈయన రక్తం తీసి చూసి ఆశ్చర్యపోయాడు. వైరసును పట్టుకునే కణాలు ఆ రక్తంలో మహా చురుకుగా ఉన్నాయి. ఈ మాసీగారికి 2009లో కాలేయం మార్చారు, మరో వైరసు పాడుచేసినందువల్ల. రక్తం గడ్డకట్టే పదార్థాన్ని కొత్త కాలేయం తయారుచేయడంతో పుట్టుకతో వచ్చిన హీమోఫీలియా కూడా పోయింది! కథల్లో రాస్తే ఎవరూ నమ్మరు.

వాకర్ ఈ ఒక్క మనిషితో ఊరుకోలేదు. అనేక దేశాలవారిని కలుపుకుని, వైరసును అదుపులో పెట్టిన 974 మందినీ, పెట్టలేకపోయిన 2,648 మందినీ చేర్చి, వారి జీనులన్నీ గాలించి 2010లో ఫలితం ప్రకటించాడు. తేడా అంతా వచ్చి ఒక్కచోట నిలిచింది. మన ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీనుల తునకలను పైకి తెచ్చి, గుమ్మంలో పళ్ళెం పట్టినట్టు పట్టుకుని ఉంటుంది. గస్తీ తిరిగే కణాలు ఆ పళ్ళెంలోకి తొంగిచూసి, ఇంటిసరుకైతే సాగిపోతాయి. పరాయి సరుకు కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. ఆ పళ్ళెం పేరు హెచ్.ఎల్.ఏ. పళ్ళెం అందరికీ ఒకే ఆకారంలో ఉండదు. బి57 రకమూ, బి27 రకమూ ఉన్నవారి పళ్ళెంలో, వైరసు ఎంత మారువేషం వేసినా మార్చుకోలేని భాగం పడుతుంది. ముఖం మార్చుకోగలదు, గడ్డం పెట్టుకోగలదు. వెన్నెముక మార్చుకుంటే మాత్రం నిలబడలేదు కదా! ఆ వెన్నెముకే అక్కడ దొరికిపోతుంది.

బి27 అన్న పేరు మన పాఠకులలో కొందరికి ఇదివరకే పరిచయం. తెల్లవారి లేవగానే నడుము పట్టేసి, ఆ బిగువు గంటల తరబడి వదలని యువకులకు కీళ్ళ డాక్టరు రాసే రక్తపరీక్ష అదే. నడుమును కొయ్యబార్చే జబ్బుకు దారితీసే జీను, ఇక్కడ ప్రాణం కాపాడుతున్నది. అట్లాగని బి27 ఉన్నవాడికి హెచ్.ఐ.వి. రాదనుకోకండి. వస్తుంది. ఆ జీను ఉన్నవారిలో అత్యధికులు వైరసును అదుపు చేయలేరు కూడా. అవకాశం కొంచెం ఎక్కువ, అంతే.

మరొక విశేషం 2020లో బయటపడింది. ఈ వైరసు మన కణంలో దూరి, మన జీనుల పుస్తకంలోనే తన పేజీ కుట్టేసుకుంటుంది. మాత్రలు దానిని అణచగలవు కాని ఆ కుట్టు విప్పలేవు. మందు మానగానే అది మళ్ళీ లేవడానికి కారణం ఇదే. డాక్టర్ షు యూ, డాక్టర్ మతియాస్ లిక్టర్‌ఫెల్డ్ అనే శాస్త్రజ్ఞుల బృందం, మందు లేకుండా నిలిచిన 64 మందిలో ఈ పేజీ ఎక్కడ కుట్టబడిందో వెతికింది. మందులతో నిలిచినవారిలో అది నలుగురూ తిరిగే బజారులో ఉంటే, వీరిలో చాలాచోట్ల మనుష్య సంచారం లేని అరణ్యంలో ఉన్నది. జీనులు నిద్రపోయే చోట, ఎవరూ తెరవని భాగంలో, లేవలేక పడి ఉన్నది. కాలిఫోర్నియాలో, 1992లో వైరసు ఉన్నదని తెలిసిన ఒక మహిళ రక్తంలోనైతే 150 కోట్ల కణాలు వెతికినా బ్రతికిన వైరసు ఒక్కటీ దొరకలేదు.

మరి ఇటువంటివారికి మందెందుకండీ? నాకూ మొదట అట్లాగే తోచింది.

కాని ఈ మనుషులందరూ ఆ కాలిఫోర్నియా మహిళ వంటివారు కారు. మామూలు యంత్రం ‘లేదు’ అన్నచోట, సున్నితమైన యంత్రం పెడితే చాలామందిలో ఒకటో రెండో కనిపిస్తూనే ఉంటాయి. నివురుగప్పిన నిప్పు. ఆ నిప్పును ఆర్పుతూ శరీరం రాత్రింబగళ్ళు సేనను మోహరించి ఉంచుతుంది. యుద్ధం లేకపోయినా సేనను పోషిస్తున్న రాజ్యానికి బొక్కసం తరిగిపోయినట్టు, ఈ ఎడతెగని కలవరం రక్తనాళాలను, గుండెను అరగదీస్తుంది. వైరసు అదుపులో ఉన్న మనుషులలో కూడా ఈ కలవరం, వైరసు సోకనివారి కంటె ఎక్కువగా ఉన్నదని 2008లోనే చూపారు. మెడ రక్తనాళాల గోడలు మందమయ్యాయని ఆ మరుసటి ఏడు చూపారు. 2015లో అమెరికాలోని పెద్ద లెక్కలు తీసి చూస్తే, మందులతో వైరసును అణచినవారి కంటె, మందు లేకుండా అణచినవారే ఎక్కువసార్లు ఆస్పత్రిలో చేరారని తేలింది. కారణాలలో గుండెజబ్బులది పెద్దపీట. ఇది చదివి ఒక్క నిమిషం ఆగిపోయాను. మనం అదృష్టవంతులనుకున్నవారు వీరు!

అయితే ఆ నిప్పు మీద మాత్ర అనే నీళ్ళు చల్లితే చల్లారుతుందా? ఇదీ పరీక్ష చేశారు. 2013లో డాక్టర్ హిరోయు హతానో బృందం 16 మందికి 24 వారాలు మందిచ్చి, రక్తమూ, ప్రేగులోని చిన్న ముక్కా తీసి చూసింది. అసలే లేదనుకున్న వైరసు ఇంకా తగ్గింది, కలవరమూ తగ్గింది. లేనిది తగ్గదు కదా! తగ్గిందంటే ఉన్నదనే అర్థం. తరువాత మరొక పరీక్షలో 35 మందికి 48 వారాలపాటు రోజూ మాత్ర ఇచ్చారు. రక్షకకణాల ఉద్రేకమూ, అలసటా రెండూ తగ్గాయి. మునుపటి కంటె కొంచెం హాయిగా ఉన్నదని ఆ మనుషులే చెప్పారట. జబ్బే లేదనుకున్నవారు మందు వేసుకుని హాయిగా ఉందనడం గమనించదగిన విషయం.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఈ పరీక్షలు చూపినది రక్తంలోని గుర్తులు తగ్గాయని మాత్రమే. గుండెపోట్లు తగ్గాయని కాదు, ఆయుర్దాయం పెరిగిందని కాదు. అది తేలాలంటే వేలమందిని చేర్చి, సగంమందికి మందిచ్చి సగంమందికి ఇవ్వకుండా, ఏండ్ల తరబడి చూడాలి. నూటికి ఒక్కరుండని మనుషులను వేలల్లో ఎక్కణ్ణుంచి తేవడం? మామూలు రోగుల సంగతిలో ఆ పని జరిగింది. 35 దేశాలలో 4,685 మందితో జరిగిన ‘స్టార్ట్’ అనే పరీక్ష, ఒంట్లో బలముండగానే మందు మొదలుపెట్టినవారికి, ఆగి మొదలుపెట్టినవారి కంటె గండాలు సగానికి పైగా తగ్గాయని 2015లో తేల్చింది. ఆ ఏడే ప్రపంచ ఆరోగ్యసంస్థ, కణాల లెక్కతో పనిలేకుండా అందరికీ మందివ్వమన్నది. మనదేశం 2017లో ఆ బాట పట్టింది.

ఇక అవతలి పక్షం వాదన. మాత్ర ఒక్కటే కావచ్చు, జన్మాంతం వేసుకోవాలి. కొన్ని మందులు మూత్రపిండాల మీద, ఎముకల మీద పనిచేస్తాయి, కొన్ని లావు చేస్తాయి. రోజూ మాత్ర వేసుకోవడమంటే రోజూ ఒకసారి “నాకు ఫలానా జబ్బు” అని తలచుకోవడమే. మన ఇళ్ళలో ఆ సీసా అత్తగారి కంట పడకుండా దాచడం మరో యజ్ఞం. అందుచేత కణాల లెక్క పడిపోని, వైరసు తలెత్తని మనిషిని కనిపెట్టి ఉంటూ, ఆరునెలలకొకసారి రక్తం చూస్తే చాలుననేవారున్నారు. కణాలు తగ్గుతున్నా, వైరసు అప్పుడప్పుడు తొంగిచూస్తున్నా, గుండెజబ్బు వంటిది వచ్చినా మందు ఇవ్వవలసిందేనని మాత్రం ఈ పక్షం వారూ ఒప్పుకుంటారు. సిడ్నీ దాత అనుభవం అందుకు సాక్ష్యం. అదుపు అనేది ఇచ్చిన వరం కాదు. ఎప్పుడు జారుతుందో చెప్పలేని పట్టు.

ఒక మాట నేను కలుపుకుంటాను. ఈ మనుషుల రక్తం శాస్త్రజ్ఞులకు బంగారం. మందు వేసుకోని స్థితిలోనే దానికి విలువ. వేసుకున్న తరువాత, వైరసును అణచినది ప్రకృతో మాత్రో చెప్పడం కష్టం. లోకానికంతకూ మందు కనిపెట్టడానికి ఉపయోగపడతారని ఒక మనిషిని మందు లేకుండా ఉండమనడం ధర్మమా? అడిగినవాడు మంచివాడే కావచ్చు, ఉద్దేశమూ మంచిదే కావచ్చు. వేసుకోవడమో మానడమో తేల్చుకోవలసింది ఆ ఒంటి యజమాని. పరిశోధన చేసే డాక్టరూ, వైద్యం చెప్పే డాక్టరూ ఒక్కరు కాకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం.

మనదేశంలో పరిస్థితి వేరు. 2023 అంచనాల ప్రకారం ఇక్కడ హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు 25 లక్షలు దాటారు. ఇతర దేశాల నిష్పత్తే ఇక్కడా ఉంటే, మందు లేకుండా నిలవగలవారు కొన్ని వేలమంది ఉండాలి. కాని వారెవరో తెలిసే దారి బహు సన్నం. పరీక్షలో ఉన్నదని రాగానే మందు మొదలవుతుంది. వైరసు లెక్క తరువాత చూస్తారు. ఆ లెక్కలో ఏమీ కనిపించకపోతే, “మందు బాగా పనిచేస్తున్నది” అనుకుంటాము. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఆ మాట నిజం. ఆ మిగిలిన ఒక్కరెవరో తేల్చడం కోసం అందరి మందూ ఆపడం మహాపాపం. ఇందులో నాకు సందేహం లేదు.

ఆ మందు మనకు ఎట్లా అందుబాటులోకి వచ్చిందో తలచుకుంటే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది. తొలి మందు ‘ఏ.జెడ్.టి.’ 1987లో అమెరికాలో వచ్చింది. ధర వింటే గుండె ఆగేది. దానిని చవకగా తయారుచేసే పద్ధతిని హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో, గుంటూరువాడైన డాక్టర్ ఏ.వి. రామారావుగారు రూపొందించారు. 1993లో సిప్లా కంపెనీ దానిని బజారులోకి తెచ్చింది. ఒక్క మందుతో లాభంలేదనీ, మూడు కలిపి ఇవ్వాలనీ 1996లో తెలిసింది. 2001లో అదే కంపెనీ మూడు మందులూ కలిపి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నప్పుడు పెద్ద దేశాల కంపెనీలు నోళ్ళు వెళ్ళబెట్టాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి విడత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఉన్నది. ఈనాడు ఆఫ్రికాలో ఒక పల్లెటూరి తల్లి మింగే మాత్ర హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీలో తయారైనది కావడానికి ఎంతో అవకాశం ఉన్నది.

కనక ఈ వ్యాసం చదివి, “మా చుట్టంవాడు మందు మానేసి చూస్తే!” అనుకునేవారెవరైనా ఉంటే, దయచేసి ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి. 2006లో మందు ఆపి ఆపి ఇస్తే ఎట్లా ఉంటుందో 5,472 మందితో ప్రయోగం చేశారు. ఆపినవారికి గుండె, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినడం, మరణాలు ఎక్కువవుతున్నాయని చూసి ప్రయోగాన్నే మధ్యలో నిలిపివేశారు.

చివరగా అర్జెంటీనా మహిళ ఒకామె సంగతి చెప్పాలి. ఆమె ఊరి పేరు ఎస్పెరాంజా. స్పానిష్ భాషలో ఆశ అని అర్థం. 2013లో ఆమెకు వైరసు ఉన్నదని తెలిసింది. మందు వాడలేదు, వైరసు ఏనాడూ కనిపించలేదు. 2021లో శాస్త్రజ్ఞులు ఆమెవి దాదాపు 120 కోట్ల రక్తకణాలూ, కాన్పు సమయంలో దొరికిన మాయలోంచి మరో 50 కోట్ల కణాలూ గాలించి, బ్రతికిన వైరసు ఒక్కటి కూడా లేదని ప్రకటించారు. అయితే ఈ లెక్క తేలకముందు ఆమె గర్భవతి అయింది. వైరసు ఉన్నదో లేదో ఆమె ఒంటికే తెలియాలి. బిడ్డ సంగతి ఎవరు చెప్పగలరు? అన్నేండ్లు మాత్ర ముట్టని ఆ తల్లి, గర్భంతో ఉండగా మందు మొదలుపెట్టి, కాన్పు అయ్యేవరకు ఆరునెలలు క్రమం తప్పకుండా వేసుకుంది. 2020 మార్చిలో బిడ్డ పుట్టింది. బిడ్డకు వైరసు లేదు. ఆ తరువాత ఆమె మందు ఆపింది.